అంత్యేష్టి: పూర్వచరిత్రము, మన కర్తవ్యము

వార్షికసభా సంచికయందు మరణకర్మను గూర్చి వ్రాయుట యమంగళమని కొందఱు తలంపవచ్చును. కాని షోడశసంస్కారములలో దేహి తాను చేసికొనజాలనిదియు, పరులపై నాధారపడవలసినదియు నిదియే. కావున సంఘముయొక్క మంచిచెడ్డ లిచ్చటనే తేటపడును.

ఋగ్వేద దశమమండలమున పితృమేధ సూక్తములు కలవు. ఆశ్వలాయనగృహ్యసూత్రము నాలుగవ యధ్యాయమున నీ విధి వివరింపబడినది. దహనభూమి దక్షిణమునకు వాలుగా నుండవలెను. గుంట పొడవు చేతులెత్తి నిలిచిన పురుషుని ప్రమాణము, వెడల్పు బారెడు, లోతు జేనెడు. పోవునప్పుడు పెద్దలు ముందు, పిన్నలు వెనుక. ఇల్లు చొచ్చునప్పుడు పిన్నలే ముందు. ఆ రాత్రి యా యింట నన్నము వండరాదు. కొన్నదానితోనో లభించినదానితోనో గడుపవలెను. దుఃఖితుల యింట పొయ్యి రాజవేయరాదని సూత్రకారుడు చెప్పగా, నేడు మనము వారి పొయ్యిమీదనే వందలమందికి వంట చేయించుచున్నాము!

ఇతిహాసములను జూడుడు. దశరథుడు గతించునాటికి పుత్రులలో నొక్కడును నయోధ్యలో లేడు. భరతుడు కేకయమునుండి వచ్చువఱకు రాజదేహమును తైలద్రోణియందుంచిరి. పిదప మందాకినీతీరమున శ్రీరాముడు తండ్రికి పిండమిడినది దేనితో? ఇంగుదీఫలముల పిండిని రేగుపండ్లతో గలిపి దర్భలపై నుంచెను. తాను తినునదే పితృదేవతల కర్పించెను, అప్పుచేసి తేలేదు. అది చూచి కౌసల్య శోకించెనేగాని, కర్మ లోపించెనని యెవ్వరు ననలేదు.

తిక్కనసోమయాజి తెనిగించిన భారతభాగమున స్త్రీపర్వము కలదు. యుద్ధానంతరమున ధర్మరాజు, బంధువులు లేక పడియున్న పరదేశపు వీరులకు సైతము దహనము చేయింపుమని విదురాదుల నియోగించెను. అనాథప్రేతమును మోయువారికి అడుగడుగున యజ్ఞఫలమని పరాశరస్మృతి చెప్పుచున్నది.

పరదేశమున మరణించినవారి గతియు చరిత్రలో గలదు. 1870 సంవత్సరమున కొల్హాపురపు రాజారామమహారాజు ఇంగ్లండునుండి మరలుచు, ఇరువదియేండ్ల వయసున ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరమున స్వర్గస్థుడయ్యెను. పరిజనులు నగరాధికారుల యనుమతి బడసి, ఆర్నో, ముగ్నోనే నదుల సంగమమున దహనము గావించిరి. అచ్చట 1874లో నిలిపిన స్మారకము నేటికిని గలదు. పరభాషాదేశమున ననుచరులు చేయగలిగినది, స్వగ్రామమున సజాతీయులమైన మనకు దుర్లభమగుట యెంత లజ్జాకరము!

మే మెఱిగిన యొక యుదంతము. మా గ్రామమున మనవాడొక కూలి తెల్లవాఱుజామున మరణించెను. కట్టెలకు రూకలు లేవు. ఏదో పాతవైరమున పాడె మోయుటకు నలుగురు కూడలేదు. సాయంకాలమువఱకు శవము వాకిటనే యుండెను. పండ్రెండవనాడు మాత్రము విస్తళ్ల కందఱును వచ్చిరి. ఆ యింటి పాడిగేదె నమ్మి ఆ భోజనము పెట్టిరి. కొడుకు మా శిష్యుడు, తెలివిగలవాడు. మఱుసటి మాసమే బడి మానెను. మేమును ఆ పంక్తిలో గూర్చుండి భుజించితిమి. ఆ కబళము నేటికిని మాకు జీర్ణము కాలేదు.

కావున సభవారికి మా విన్నపము. మరణవార్త చేరిన వెంటనే యింటి కొక్కరు పోవలెను. పాడె, కట్టెలు, ఆ రాత్రి భోజనము సంఘమే యమర్పవలెను. ద్వాదశాహమున సంతర్పణము శక్తిననుసరించియే గాని నిర్బంధము కాకూడదు. 1969 నాటి శాసనము ననుసరించి మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. విధవకు రావలసిన దానికెల్ల నా పత్రమే మూలము. దాతలు కల్యాణమంటపములకు ద్రవ్యమిచ్చుచున్నారు. అందు కొంత యీ నిధికి గేటాయించిరేని, మఱియొక బాలుడు బడి మానకుండును.

పాడె మోయు భుజము కులముయొక్క నిజమైన బలము. సర్వేశ్వరుడు మన కా బుద్ధి ననుగ్రహించుగాక!