కలింబా కొంటున్నారా? ఆర్డర్ పెట్టే ముందు బాడీ సంగతి చూడండి

అచ్చంపేట లాంటి ఊళ్లో పిల్లలకు కలింబా కొనాలంటే చాలామందికి ఆన్‌లైన్ ఆర్డరే దిక్కు. ముందుగా వాయించి చూసే వీలుండదు. ఫొటోల్లో అన్నీ ఒకేలా ముద్దుగా కనిపిస్తాయి. రంగు, రేటు చూసి బుక్ చేస్తే అది నాలుగు రోజులకే అటకెక్కే ప్రమాదం ఉంది. అసలు చూడాల్సింది బాడీ.

బొటనవేళ్లతో మీటే ఈ వాయిద్యంలో మోగేవి స్టీలు రేకులే. కానీ ఆ మోతను పెద్దది చేసేది కింద ఉండే చెక్క. ఈ ప్రాంతం వాళ్లకు ఇది కొత్తేం కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరకు సొరకాయ బుర్రలు చేసే పని అదే. కలింబాకు మూలమైన జింబాబ్వే ఎంబిరాను కూడా పెద్ద బుర్రలో పెట్టి వాయిస్తారు. 1950లలో హ్యూ ట్రేసీ దక్షిణాఫ్రికాలో బుర్రకు బదులు చెక్క పెట్టె పెట్టి, కలింబా పేరుతో అమ్మకానికి తెచ్చారు.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మధ్యలో గుండ్రటి రంధ్రం కనిపిస్తే అది సాధారణంగా డొల్ల పెట్టె. గట్టిగా, నిండుగా మోగుతుంది. వెనక ఉండే చిన్న రంధ్రాలను వేళ్లతో మూసి తెరిస్తే స్వరం ఊగినట్టు వినిపిస్తుంది. కాకపోతే 17 కీల పెట్టెల్లో చివర ఉండే పొట్టి రేకులు చాలాసార్లు మోగకుండా టక్‌టక్‌మంటాయి. లావుగా ఉంటుంది కాబట్టి చిన్న చేతులకు పట్టు కూడా కష్టమే.

రెండోది పలక రకం, అంటే ఒకే చెక్క ముక్క. చప్పుడు తక్కువే గానీ కింది స్వరం నుంచి పై స్వరం దాకా మోత సమంగా ఉంటుంది. పక్క గదిలో ఎవరైనా పరీక్షలకు చదువుతుంటే, పాపాయి పడుకుని ఉంటే ఇదే నయం. గట్టిగా కావాలంటే చెక్క బల్లకు ఆనించి వాయిస్తే చాలు, బల్లే పెట్టె అవుతుంది. పదేళ్లలోపు పిల్లలకు మొదటిది కొంటుంటే పలకే మంచిది. స్కూల్ ఫంక్షన్‌లో వాయించాలనుకునే పెద్ద పిల్లలకైతే పెట్టె తీసుకోవచ్చు.

యాక్రిలిక్‌వి గాజులా మెరుస్తాయి. కానీ చెమట చేతుల్లో జారతాయి, కింద పడితే పగుళ్లు రావచ్చు. స్పీకర్‌కు కలిపే జాక్ ఉన్నవాటికి ఇంట్లో వాయించడానికి అదనంగా పెట్టడం దండగ.

ఏ బాడీ అయినా 17 కీలది, సి ట్యూనింగ్‌ది తీసుకుంటే యూట్యూబ్ పాఠాలు ఎక్కువగా దొరుకుతాయి. పార్సిల్ రాగానే ఒక్కో రేకు మీటి చూడండి. దారిలో శ్రుతి తప్పడం మామూలే. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, తోడుగా వచ్చే చిన్న సుత్తితో రేకును మెల్లగా కొట్టి సరిచేయొచ్చు. మీటే వైపు పొడవు పెరిగితే స్వరం దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. రేకు జిర్రుమంటే కొద్దిగా పక్కకు జరిపి చూడండి. అప్పటికీ మోగకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.