గడ మీద నేర్పు, వాల్ట్ మీద పతకం

మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో బుడ్డా అరుణారెడ్డి గెలిచిన కాంస్యం వెనుక పదహారేళ్ల సాధన ఉంది. పిల్లిమొగ్గలు తరాల కిందటే ఎరిగిన నంద్యాల, ఆళ్లగడ్డ సీమ ఆ కథను తన కథ పక్కన పెట్టి చదువుకోవాలి.

గాల్లోకి ఎగిరి, తిరిగి, కాళ్ల మీద నిలబడే విద్య నంద్యాల ప్రాంతానికి కొత్తది కాదు. శ్రీశైలం మల్లికార్జునుడి గుడి ప్రాకారాన్ని తీరిగ్గా చూసినవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు. విజయనగర కాలంలో చెక్కిన ఆ రాళ్ల మీద దేవుళ్లతో పాటు వేటగాళ్లు, ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలు, మల్లులు కనిపిస్తారు. వాళ్ల నడుమ కఠినమైన ఆసనాల్లో ఉన్న సిద్ధులూ ఉన్నారు. హఠయోగం చరిత్ర రాసే పరిశోధకులకు ఆ శిల్పాలు ఇప్పుడు విలువైన ఆధారాలు. మనిషి ఒళ్లు ఎంతవరకు వంగుతుందో చెక్కినవాడికి బాగా తెలుసు. ఆ శ్రీశైలం ఇవాళ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉంది. ఉలి శబ్దం నేటికీ ఆగని ఆళ్లగడ్డా ఆ జిల్లాదే.

వీధిలో విద్య

రాతి మీద కనిపించేదే వీధిలోనూ నడిచింది. పంటలు ఇళ్లకు చేరాక రాయలసీమ పల్లెల్లోకి దొమ్మరి కుటుంబాలు డోలుతో దిగేవి. ఊరి నడుమ వెదురు గడ నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు కట్టేవారు. గడ చివరికి ఎక్కిన మహిళ కడుపు మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ చాచేది. కింద పిల్లలు పిల్లిమొగ్గలు వేసేవారు, తాడు మీద నడిచేవారు. గడ ఎక్కిన మహిళ దీవిస్తే వానలు పడతాయనీ, పంట పండుతుందనీ నమ్మకం. ఆట ముగిశాక చాటలో గింజలు, పాత బట్టలు, కొన్ని చిల్లర డబ్బులు చేతికొచ్చేవి. జమ్మలమడుగు పక్కన దొమ్మర నంద్యాల అనే పేరుతో ఊరే ఉంది.

1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద అచ్చు వేయించిన ఏడు సంపుటాల్లో దొమ్మరులను గురించి రాశాడు. దేహబలం, విన్యాసం వాళ్ల వృత్తి అని నమోదు చేశాడు. అయితే ఆ రాతలో వాళ్లు ఒక కులం, ఒక వింత. క్రీడాకారులన్న ఊహ ఎవరికీ లేదు. ఊరూరా తిరిగే జాతులను అనుమానంతో చూసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అప్పటి కర్నూలు జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే. సంచార బతుకుల మీద పోలీసు కన్ను పడింది. చూసేటప్పుడు చప్పట్లు కొట్టిన ఊరు, ఆట అయ్యాక ఆ కుటుంబాన్ని పొలిమేరలోనే ఉంచింది. గట్టి నేల మీద, పరుపు లేకుండా, పొట్ట కోసం దూకిన ఆ పిల్లల పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

ఇదే సమయంలో ఐరోపాలో అలాంటి విన్యాసాలు హాళ్లలోకి చేరాయి. పరికరాలకు కొలతలు, విన్యాసాలకు మార్కులు వచ్చాయి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే జిమ్నాస్టిక్స్ ఉంది. మహిళలకు 1928లో చోటు దొరికింది. మన జాతీయ సమాఖ్య 1951లో పుట్టింది. మరుసటి ఏడాది హెల్సింకిలో భారత పురుషులు ఒలింపిక్స్ బరిలో దిగారు. ఆ తరవాత కామన్వెల్త్ క్రీడల్లో మన మొదటి జిమ్నాస్టిక్స్ పతకాల కోసం 2010 దాకా, ఆశిష్ కుమార్ దాకా ఆగాల్సి వచ్చింది.

కరాటే పిల్ల

అరుణ 1995 డిసెంబర్ 25న హైదరాబాద్‌లో పుట్టింది. తండ్రి నారాయణరెడ్డి ఆమెను ముందు కరాటేలో చేర్పించారు. ఒళ్లు విల్లులా వంగడం గమనించిన శిక్షకులు ఈ పిల్ల జిమ్నాస్టిక్స్‌కు పనికొస్తుందని చెప్పారు. తండ్రి ఆ మాట చెవిన పెట్టి 2002 ప్రాంతంలో లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లారు. కరాటేనూ ఆమె వదల్లేదు. బ్లాక్ బెల్ట్ సాధించింది, ఇతరులకు నేర్పింది కూడా.

స్టేడియంలో మొదట చేయి పట్టుకుని నేర్పింది కోచ్ స్వర్ణలత. తరవాత ఆమె భర్త రవీందర్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన మరణించాక గిరిరాజ్, అటుపైన బ్రిజ్ కిశోర్ ఆమెను తీర్చిదిద్దారు. జాతీయ స్థాయిలో తొలి పతకం 2005లో వచ్చింది. అప్పటికి ఆమెకు పదేళ్లు నిండలేదు.

2010లో నారాయణరెడ్డి కన్నుమూశారు. కూతురు దేశం తరఫున పతకం అందుకోవడం ఆయన చూడలేదు. మైదానానికి దారి చూపినవాడు పోయాక చాలా ఇళ్లలో ఆడపిల్ల ఆట ఆగిపోతుంది. ఈ ఇంట్లో ఆగలేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టులో అరుణ ఉంది. అక్కడ వాల్ట్‌లో కాంస్యం గెలిచి చరిత్రకెక్కింది సహచరి దీపా కర్మాకర్. త్రిపుర నుంచి వచ్చిన ఆ అమ్మాయే 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 15.066 స్కోరుతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యానికి 0.150 తక్కువ. ఆ రోజుల్లో వార్తలన్నీ దీప చుట్టూనే తిరిగాయి. అరుణ సాధన సాగుతూనే ఉంది.

పావు మార్కులో సగం

వాల్ట్ చూడటానికి అన్నిటికంటే చిన్న ఆట. పరుగు 25 మీటర్లకు మించకూడదు. చివర్న స్ప్రింగ్ బోర్డు మీద రెండు పాదాలు మోపి ఎగరాలి. 125 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్‌ను అరచేతులతో తోసి మళ్లీ గాల్లోకి లేవాలి. అక్కడ మొగ్గ, మెలిక పూర్తిచేసి, అడుగు కదలకుండా నిలబడాలి. అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. మొదటి గెంతు తప్పితే దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు.

న్యాయనిర్ణేతలు రెండు లెక్కలు వేస్తారు. విన్యాసం ఎంత కఠినమో చూసి ఒకటి, ఎంత శుభ్రంగా చేసిందో చూసి పదికి ఒకటి. మోకాళ్లు విడిపోయినా, దిగేటప్పుడు అడుగు పడినా కోత తప్పదు. ఫైనల్లో రెండు వేర్వేరు వాల్ట్‌లు చేయాలి, వాటి సగటే స్కోరు.

2018 ఫిబ్రవరి 24న మెల్‌బోర్న్ ప్రపంచకప్ ఫైనల్లో స్లొవేనియా అమ్మాయి టియాసా కిసెలెఫ్ 13.800తో స్వర్ణం, ఆతిథ్య దేశపు ఎమిలీ వైట్‌హెడ్ 13.699తో రజతం గెలిచారు. అరుణకు 13.649. రజతానికి 0.050, స్వర్ణానికి 0.151 తేడా. అంటే బంగారానికీ కంచుకూ మధ్య పావు మార్కులో సగానికి కాస్త ఎక్కువ. అదే ఫైనల్లో ప్రణతి నాయక్ 13.416తో ఆరో స్థానంలో నిలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన మొదటి భారతీయురాలిగా ఇరవై రెండేళ్ల అరుణ పేరు నిలిచింది. ఆ పతకాన్ని ఆమె తండ్రికి అంకితం చేసింది.

ఈ గెలుపును ఉన్నంతలో చెప్పుకోవడమే దానికి మర్యాద. ప్రపంచకప్ అంటే ప్రపంచ చాంపియన్‌షిప్ కాదు. ఏడాదిలో వేర్వేరు నగరాల్లో జరిగే పోటీల వరసలో మెల్‌బోర్న్ ఒకటి. మేటి జట్లన్నీ ప్రతి పోటీకీ రావు. అయినా ఆ వరసలో ఏ అంచెలోనూ అంతకుముందు మన దేశానికి వ్యక్తిగత పతకం రాలేదు.

మోకాలి పరీక్ష

వాల్ట్ నుంచి దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఒత్తిడి కాళ్ల మీద పడుతుంది. అప్పుడు తరచు దెబ్బతినేవాటిలో మోకాలి లోపలి ఏసీఎల్ అనే స్నాయువు ఒకటి. 2017లో దీపా కర్మాకర్ ఆ గాయంతోనే శస్త్రచికిత్స చేయించుకుంది. 2019లో అదే గాయం అరుణకు వచ్చింది. శస్త్రచికిత్స జరిగింది, వెంటనే కరోనా వచ్చిపడింది. టోక్యో ఒలింపిక్స్ ఆశ అక్కడే ఆగింది.

ఇరవై ఐదు దాటిన జిమ్నాస్ట్ శస్త్రచికిత్స అయిన మోకాలితో తిరిగి పరుగెత్తడం మామూలు విషయం కాదు. గాయం మానినా భయం మానదు. అయినా 2021 డిసెంబర్‌లో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో అరుణ వాల్ట్‌లోనూ ఫ్లోర్‌లోనూ స్వర్ణాలు గెలిచింది. నా దృష్టిలో ఆమె జీవితంలో మెల్‌బోర్న్ కంటే కైరో పెద్దది. మెల్‌బోర్న్‌లో గెలిచింది ఉడుకు వయసులో, నిండు ఆరోగ్యంతో. కైరోలో గెలిచింది, ఇక అయిపోయిందని పక్కనపెట్టిన తరవాత.

ఆళ్లగడ్డకు ఎంత దూరం?

ఆళ్లగడ్డ నుంచి లాల్ బహదూర్ స్టేడియం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. రోజూ పొద్దున, సాయంత్రం సాధన చేయాల్సిన ఆరేళ్ల పిల్లకు ఆ దూరం దాటరానిది. క్రికెట్‌కు ఖాళీ స్థలం, కబడ్డీకి గీసిన గీత చాలు. జిమ్నాస్టిక్స్‌కు టేబుల్, స్ప్రింగ్ బోర్డు, దళసరి పరుపులు, ఎత్తైన కప్పున్న హాలు కావాలి. పడేటప్పుడు పట్టుకునే కోచ్ ప్రతిరోజూ పక్కనే ఉండాలి. మొదటి గాయంతో ఆట ముగియకుండా మంచి వైద్యమూ అందాలి. వీటిలో ఏది లోపించినా ఒంటి నేర్పు గడ దగ్గరే ఆగిపోతుంది. మన దొమ్మరి కుటుంబాల్లో తరతరాలుగా జరిగింది అదే.

అరుణ ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆమెకు దొరికినవి ఏమిటో లెక్క పెడితే, ఇతరులకు దొరకనివి తెలుస్తాయి. వంగే ఒళ్లును గుర్తించిన కరాటే గురువు, ఆ మాట నమ్మిన తండ్రి, ఇంటికి అందుబాటులో ఒక హాలు, ఒకరు పోయినా మరొకరు అందుకున్న నలుగురు కోచ్‌లు. జిల్లా కేంద్రమైన నంద్యాలలో ఇవన్నీ ఒకచోట అమర్చితే చేరాల్సిన పిల్లలు దూరాన లేరు. తాతముత్తాతలు గడ ఎక్కిన ఇళ్ల పిల్లలు వాళ్లలో ముందుండాలి. ఆ కళను ఇన్నాళ్లూ వినోదంగా వాడుకున్న సమాజం తీర్చాల్సిన బాకీ అది.

అయితే హాలు కట్టి రిబ్బను కత్తిరించినంత మాత్రాన పతకం రాదు. 2002లో స్టేడియం మెట్లెక్కిన అరుణకు ప్రపంచకప్ పతకం 2018లో వచ్చింది. ఇవాళ ఆళ్లగడ్డలో ఒక పిల్లను చేర్చుకుంటే, ఫలితం అడగాల్సింది మూడు ఎన్నికల తరవాతే. అంతకాలం నిధులు ఆపని ప్రభుత్వం, బదిలీ కాని కోచ్, పదో తరగతి రాగానే ఆట మాన్పించని తల్లిదండ్రులు దొరికితేనే ఈ పని మొదలుపెట్టడం న్యాయం.