1943 బెంగాల్ కరువు: ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలి?

మెయిన్స్‌లో బెంగాల్ కరువు వస్తే చాలామంది మృతుల సంఖ్య ఒకటి వేసి ముందుకెళ్లిపోతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడండి.

1945లో ఉడ్‌హెడ్ కమిషన్ సుమారు 15 లక్షల మంది చనిపోయారని చెప్పింది. ప్రభుత్వ నివేదిక కదా, ఇదే ఖాయం అనుకోకండి. పల్లెల్లో మరణాల సమాచారం ఇచ్చేది చౌకీదార్లు. కరువులో వాళ్లలోనూ కొందరు చనిపోయారు, కొందరు ఊరొదిలి వెళ్లిపోయారు. చెప్పేవాడే లేని ఊళ్లో చావులు లెక్కకెలా ఎక్కుతాయి? తర్వాత అమర్త్యసేన్ ఈ నమోదు లోపాలను సరిచేసి, తర్వాతి ఏళ్ల అదనపు మరణాలనూ కలిపి 30 లక్షల దరిదాపుల్లో అంచనా వేశారు. ఆన్సర్‌లో రెండూ రాయండి, ఎవరి అంచనానో కూడా రాయండి. ఒక లైను ఎక్కువవుతుంది, అంతే.

పత్రికల విషయం ఇంకా ఆసక్తికరం. 'ది స్టేట్స్‌మన్' బ్రిటిష్ యాజమాన్యంలోనిది కాబట్టి పాలకుల పక్షమే అనుకుంటాం. కానీ యుద్ధకాలపు ఆంక్షల మధ్య, 1943 ఆగస్టు 22న కరువు బాధితుల ఫొటోలు అచ్చువేసింది ఆ పత్రికే. సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్. అయితే నగర వీధుల్లో తీసిన ఫొటోలో, అక్కడిదాకా నడవలేక పల్లెలోనే పోయినవాళ్లు కనిపించరు.

వాళ్ల కోసం చిత్తప్రసాద్ మిడ్నపూర్ బొమ్మలు చూడాలి. ఆయన కమ్యూనిస్టు పార్టీ మనిషి, అది గుర్తుపెట్టుకునే చదవండి. ఆయన 'హంగ్రీ బెంగాల్' ప్రతులను ప్రభుత్వం జప్తు చేసి తగలబెట్టింది. అదే ప్రభుత్వం కరువు కోడ్ కింద కరువును అసలు ప్రకటించనేలేదు.