బూదికోట నీరు: కట్టుబాటు, హక్కు

బూదికోట పేరు వినగానే చరిత్ర చదివినవారికి హైదరాలీ జ్ఞప్తికి వచ్చును. 18వ శతాబ్దపు తొలి పాదమున ఆయన జన్మించినది ఇచ్చటనే. బూదికోట అనగా బూడిద కోట, సంస్కృతమున విభూతిపురము. పూర్వమిచ్చట మహాయజ్ఞములు జరిగినవనియు, వాని భస్మమే ఈ పేరునకు మూలమనియు ఐతిహ్యము. అగ్నిని తలపించు పేరు గల ఈ సీమలో అసలు కథ మాత్రము నీటిది.

కోలారు జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. అందుచేత మన పూర్వులు వాననీటిని గొలుసుకట్టు చెరువులలో నిలిపిరి. బూదికోట చెంత పారు మార్కండేయ నది దక్షిణ పినాకినిలో కలియును. దానిపై మైసూరు సంస్థాన కాలమున జలాశయము కట్టిరి. తూర్పున పాలారుపై గల బేతమంగల చెరువు 20వ శతాబ్ది ఆరంభము నుండి కోలారు బంగారు గనుల పట్టణమునకు త్రాగునీరిచ్చినది. 1902లో శివసముద్రము నుండి వచ్చిన విద్యుత్తు గనుల యంత్రములను త్రిప్పినది. కార్మికుని కుండను నింపినది బేతమంగల. 2001లో గనులు మూతపడినవి గాని, ఊరి దాహము తీరిపోలేదు.

త్రాగునీటి గట్టుపైకి ఎవరు రావచ్చును, వచ్చి ఏమి చేయవచ్చును అను ప్రశ్న క్రొత్తది కాదు. త్రాగు కుంట వేరు, పశువుల కుంట వేరు, బట్టలుతుకు రేవు వేరు. తూము తెరచుట, మూయుట నీరుగంటి పని. ఈ విభజన శాస్త్రసమ్మతమైనదే. కాని అందొక మహాదోషము కలదు. నీటిని మైలపరచు పనిని నిషేధించుటతో ఆగక, కొందరు మనుష్యులనే మైలయని గట్టు దిగనీయలేదు. 1927లో మహాడ్ చెరువు వద్ద అంబేద్కరుగారు నీరు త్రాగి ఎదిరించినది ఈ అన్యాయమునే.

1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ సెక్షను ప్రజల ఊటను గాని జలాశయమును గాని బుద్ధిపూర్వకముగ కలుషితము చేసి, వాడుకకు తగకుండ చేసినవానికి మూడు నెలల వరకు ఖైదు లేక 500 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షను ఆ ఖైదును ఆరు నెలలకు, జరిమానాను 5000 రూపాయలకు పెంచినది. 1950లో అమలైన రాజ్యాంగము 15వ అధికరణము, ప్రభుత్వ ధనముతో పోషింపబడు బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో కుల మతాదులను బట్టి అడ్డంకి కూడదన్నది. ఒక శాసనము చేష్టను శిక్షించును. మరియొకటి మనిషిని కాపాడును. ఈ రెండును కలిసిననే న్యాయమైన కట్టుబాటు.

అయితే గట్టును కాచిన మాత్రమున నీరు నిలువదు. నీరు దిగివచ్చు నేలను కూడ కాపాడవలెను. హైదరాబాదు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కొరకు 1996 నాటి 111వ ఉత్తరువు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములందు కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడములను వారించినది. నగరమునకు ఆ నీటి అవసరము తగ్గినదను కారణముతో 2022లో ప్రభుత్వము ఆ ఆంక్షలను ఎత్తివేసినది. అవసరము తీరినదని కాపుదల సడలించిన నేలను మరల కాపాడుట కష్టము.

ఈ హెచ్చరిక బూదికోటకును వర్తించును. సమీపమున యరగోలు వద్ద మార్కండేయ నదిపై కోలారు, మాలూరు, బంగారుపేటల త్రాగునీటికై ఆనకట్ట వెలసినది. దానిని ఆపవలెనన్న తమిళనాడు విన్నపమును సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న త్రోసిపుచ్చినది. రాష్ట్రముల వాదము అట్లు సాగినది గాని, జలాశయము పైనున్న గుట్టలు, వాగులు ఏ కోర్టునకును వెళ్ళవు. వానికై మాటలాడవలసినవారు దాపున నివసించువారే.

తరతరములుగ ఈ నేలపై స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఇక్కడి నీటిపై హక్కు కలదు. ఆ హక్కుతోపాటు కాపుదల భారమును మనదే. మన పిల్లలకు గట్టును చూపవలెను. అచ్చట ఏది చేయరాదో, ఎందుకు చేయరాదో కూడ చెప్పవలెను. ఎవరినీ తరిమివేయక, ఎవరినీ పాడుచేయనీయక కాపాడినదే మంచి చెరువు.