పేరు మారితే ఊరు ఎవరిదవుతుంది? ఇందూరు, పోదన, శక్కర్‌నగర్

నిజామాబాద్ పేరు తీసేసి ఇందూరు అని పెట్టాలన్న డిమాండు కొన్నేళ్ళుగా ఎన్నికల సభల్లో వినపడుతూ వుంది. బోధన్‌ని పాత పోదనపురంగా, బౌద్ధ జైన క్షేత్రంగా చూపిస్తే యాత్రికులొస్తారు, ఊరు బాగుపడుతుందన్న ఆలోచన ఇంకోపక్క వుంది. పేరు మారిస్తే చరిత్ర తిరిగొస్తుందని ఒకరు, పైసలొస్తాయని ఇంకొకరు. రెండు వాదాల్లోనూ మాలవాడ, మాదిగవాడల ఊసు లేదు. అంచేత ఈ ఊళ్ళ పేర్లు ఎప్పుడు, ఎవరి కోసం మారాయో మన వాడల నుంచి చూడాల్సి వుంది.

ఇందూరు అన్నది ఇంద్రుడనే రాజు పేరు మీద వచ్చిందని చెప్తారు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కి రైలు మార్గం వచ్చాక, 1905లో ఇక్కడి స్టేషన్‌కి నిజామాబాద్ అని పేరు పెట్టారు. స్టేషన్ పేరే ఊరి పేరయింది. ఒకటి రాజు పేరు, ఇంకోటి నవాబు పేరు. రెండింటిలో ఏది కావాలో తేల్చుకొమ్మని ఇప్పుడు మనల్ని అడుగుతున్నారు. ఊరి బయట వాడలో బతికినవాళ్ళకి ఇందూరులో ఏం దక్కింది, నిజామాబాద్‌లో ఏం పోయింది అని మాత్రం ఎవరూ అడగరు.

బోధన్ సంగతి ఇంకా పాతది. పదహారు మహాజనపదాల్లో గోదావరి ఒడ్డున వున్నది అస్సక జనపదం. దాని రాజధాని పోదన ఈ బోధనేనని చాలామంది పండితుల అభిప్రాయం. బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనని జైన సంప్రదాయం. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థానిక పురాణం. తర్వాత వేములవాడ చాళుక్యులొచ్చారు. వాళ్ళ పూర్వీకుడు యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన బావుల్లో ఏనుగులకి స్నానం చేయించాడని, అది గొప్పగా 10వ శతాబ్దపు రాతల్లోకి ఎక్కింది. మేం అడిగేది ఒక్కటే. ఆ నువ్వులు పండించిందెవరు? గానుగ తిప్పిందెవరు? బావి తవ్విందెవరు? ఏనుగుల పేరు మీద రాజుకి కీర్తి మిగిలింది. నూనె తీసిన చేతులకి శాసనంలో ఒక్క అక్షరం దక్కలేదు.

ఇక మన తాతల కాలం. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాల ఆయకట్టు అన్నారు. నీళ్ళొచ్చాక కోస్తా జిల్లాల నుంచి డబ్బున్న రైతులొచ్చి భూములు కొన్నారు. వాళ్ళ క్యాంపులు వెలిశాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకున్నారు. జానకంపేట నుంచి బోధన్‌కి రైలు పట్టా పడింది. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన కాలనీ శక్కర్‌నగర్ అయింది. అంటే చక్కెర ఊరు. ఆ చక్కెర వెనక చెరుకు నరికినవాళ్ళు, బండ్లకెత్తినవాళ్ళు, పిప్పి మోసినవాళ్ళు, కాలవలు తవ్వినవాళ్ళు వున్నారు. నీళ్ళు భూమి వున్నోడి పొలంలోకి పారాయి. భూమి లేనోడికి ఆ పొలంలో కూలి దొరికింది. ఐతే ఒక మాట ఒప్పుకోవాలి. దొర దగ్గర జీతం వుండడం కన్నా ఫ్యాక్టరీ సీజన్ కూలి నయమే. అక్కడ హాజరు పుస్తకం వుంది, యూనియన్ వుంది. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు కంపెనీకి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మళ్ళీ తెరిచే సంగతి చూడడానికి 2024 జనవరిలో సర్కారు కమిటీ వేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డా శక్కర్‌నగర్ బోర్డు మాత్రం అట్లనే వుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

టూరిజం పత్రాల్లో జాతరలు, డప్పులు, బోనాలు రంగురంగుల బొమ్మలై వస్తాయి. ఇదే జిల్లాలో ఎల్లమ్మ పేరు మీద, పోచమ్మ పేరు మీద మాల మాదిగ ఆడపిల్లల్ని జోగినుల్ని చేశారు. దేవతకి పెళ్ళి అని చెప్పి ఊరి పెద్దలకి వదిలేశారు. 1988లో చట్టం వచ్చింది. వర్ని దగ్గర హేమలతా లవణం పెట్టిన చెల్లి నిలయం జోగినుల కోసం పనిచేసింది. జాతర బొమ్మ వేసేవాళ్ళు ఈ చరిత్రని ఎక్కడ పెడతారు?

పేరు మార్చి యాత్రికుల్ని పిలవడం ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 2015లో యాదగిరిగుట్ట యాదాద్రి అయింది. గుడి కొత్తగా కట్టి 2022 మార్చి 28న తెరిచారు. రోడ్ల వెడల్పులో ఇళ్ళు, దుకాణాలు పోయినోళ్ళున్నారు. 2024 నవంబరులో మళ్ళీ యాదగిరిగుట్ట అనే వాడాలని ముఖ్యమంత్రి ప్రకటించాడు. పెట్టిందీ సర్కారే, తీసిందీ సర్కారే. పోయిన దుకాణం మాత్రం తిరిగి రాలేదు.

అట్లాగని పేరు మార్చడమే తప్పు అని మేం అనడం లేదు. మనమూ మార్చుకున్నాం. 1917లో బెజవాడలో పంచములన్న పేరు మీద పిలిచిన సభకి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. ఆ సభ పంచమ అన్న మాటని తిప్పికొట్టి, ఆది ఆంధ్రులం అన్నది. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందువులమని 1931 జనాభా లెక్కల్లో రాయించుకున్నారు. తర్వాత హరిజనవాడ బోర్డులు తీసి అంబేద్కర్ నగర్ అని పెట్టుకున్నాం. దారిన పోయేవాణ్ణి పిలవడానికి కాదు, అవమానాన్ని తుడవడానికి ఈ పేర్లు. పైనుంచి వచ్చే పేరుకీ, లోపల్నుంచి పుట్టే పేరుకీ తేడా ఇదే.

ఇందూరు పేరు మీద జరిగే పిలుపులో ఇంకో ప్రమాదం వుంది. మన పక్కవాడలోని ముస్లిం కూలీని, బీడీలు చుట్టే చెల్లెని పరాయివాళ్ళని చూపిస్తుంది. ముందు వరసలో నిలబడ్డానికి మన పిల్లల్ని పిలుస్తుంది. 2022 మార్చిలో బోధన్‌లో అంబేద్కర్ చౌరస్తా దగ్గర శివాజీ విగ్రహం మీద గొడవై 144 సెక్షన్ పెట్టారు. చౌరస్తా అంబేద్కర్‌ది, కొట్లాట ఇంకెవరిదో. ఇది మనం గుర్తు పెట్టుకోవాలి.

పోదన సంగతికి వస్తే, బుద్ధుడి పేరు మనకి పరాయిది కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ తీసుకున్న దారి అది. నాగార్జునసాగర్ దగ్గర 2022లో బుద్ధవనం తెరిచారు. చూడదగ్గదే. ఐతే కులాన్ని కాదన్న బుద్ధుణ్ణి పక్కన పెట్టి, రాతి బుద్ధుణ్ణి టికెట్‌కి చూపిస్తే అది మన పోదన కాదు.

కాబట్టి మా మాట ఇది. బోధన్‌కి యాత్రికులు రానీ. దేవల్ మసీదు చూడనీ, నిజాంసాగర్ గేట్లు చూడనీ. ఆ బోర్డుల మీద కట్ట మోసినవాళ్ళ, చెరుకు నరికినవాళ్ళ కులాలూ ఊళ్ళూ రాయాలి. వచ్చే పనుల్లో మూతపడ్డ ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలకీ, జోగినుల పిల్లలకీ మొదటి వాటా వుండాలి. విద్యార్థులు, టీచర్లు వాడల్లోని ముసలోళ్ళు బతికుండగానే వాళ్ళ జ్ఞాపకాల్ని రాసిపెట్టాలి. ఈ ఊళ్ళ నుంచి పిల్లలు గల్ఫ్ వీసాల మీద పోతున్నారు. బయటోళ్ళు ఊరు చూడ్డానికి రావాలని కోరుకునేవాళ్ళు, ఊరివాళ్ళు ఊళ్ళో బతకడానికి ఏం చేస్తారో ముందు చెప్పాలి. అది చెప్పనంతకాలం ఇందూరైనా నిజామాబాదైనా మనకి పెద్ద తేడా లేదు.