అక్రన్ నగరంలో పుట్టిన తోడు సంప్రదాయం

మద్యవ్యసనాన్ని వ్యాధిగా కాక నీతిలోపంగానే లోకం ఎక్కువగా భావిస్తున్న కాలంలో, 1935 మే నెలలో, వ్యాపారయత్నం బెడిసికొట్టి అమెరికాలోని అక్రన్‌లో ఒంటరిగా మిగిలిన బిల్ విల్సన్, మేఫ్లవర్ హోటల్‌లోని మద్యశాల వైపు మనసు లాగుతున్నా, టెలిఫోన్ అందుకొని, తనవంటి మరొక వ్యసనపరునితో కలపమని స్థానిక మతగురువును అర్థించాడు. అలా పరిచయమైన శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ మద్యం మానిన జూన్ 10వ తేదీనే, వారిద్దరూ నెలకొల్పిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్', అనగా వ్యసనపరులు పేర్లు వెల్లడించకుండా పరస్పరం ఆదుకునే సమాజం, తన ఆవిర్భావదినంగా పాటిస్తోంది. 1939లో వెలువడిన దాని గ్రంథం, అశక్తతను అంగీకరించడంతో మొదలై, చేసిన హానిని సరిదిద్దుకొని, ఇతర బాధితులకు చేయూతనివ్వడం వరకు సాగే 12 మెట్ల సాధనను అక్షరబద్ధం చేసింది. తాగాలన్న తపన రేగినప్పుడు 'స్పాన్సర్'కు, అంటే ముందే కోలుకొని దారి చూపే తోటివానికి, కబురు చేసే ఆచారం ఈ సమాజంలో స్థిరపడింది. వైద్యంతోపాటు మనిషికి మనిషి తోడూ అత్యవసరమని ఈ చరిత్ర చాటుతోంది.