12 డాలర్ల బడి

1994 డిసెంబరు 2. అమెరికాలో బోస్టన్‌ను ఆనుకుని ఉన్న క్విన్సీ పట్టణం. బ్రాడ్ మెడోస్ మిడిల్ స్కూల్లో ఏడో తరగతి పిల్లలు పాకిస్తాన్ నుంచి వస్తున్న ఓ అబ్బాయి కోసం చూస్తున్నారు. తమ ఈడువాడేనని విన్నారు. తీరా చూస్తే నాలుగడుగుల ఎత్తు కూడా లేడు.

పేరు ఇక్బాల్ మసీహ్. ఊరు లాహోర్ దగ్గర మురిద్కే. ఇంట్లోవాళ్లు తీసుకున్న 600 రూపాయల అప్పు కింద నాలుగేళ్లప్పుడే తివాచీల మగ్గానికి కట్టుబడ్డాడు. సన్నటి వేళ్లయితే ముడులు దగ్గర దగ్గరగా పడతాయని యజమానులకు పసివాళ్లే కావాలి. రోజుకు 12 గంటలకు పైగా పని. పారిపోకుండా మగ్గానికి గొలుసులు. తిన్న తిండికి లెక్క, తప్పు పడితే జరిమానా. అన్నీ అప్పులోనే కలిశాయి. ఏళ్లు గడిచినా ఆ అప్పు తీరకపోగా వేలల్లోకి పెరిగింది.

పాకిస్తాన్‌లో వెట్టిచాకిరీని 1992లోనే చట్టం రద్దు చేసింది. ఆ బాకీలు చెల్లవని ఓ సభలో విన్నాక ఇక్బాల్ మళ్లీ మగ్గం ఎక్కలేదు. చదువుకుంటూనే, తనలాంటి పిల్లల్ని విడిపించే ఉద్యమంలో చేరాడు. రీబాక్ మానవ హక్కుల పురస్కారం అందుకోవడానికి బోస్టన్ వచ్చాడు. ఆ వేదిక మీద తివాచీ పనిముట్టునూ, పెన్నునూ చూపించి, పిల్లల చేతుల్లో ఉండాల్సింది పెన్నేనని చెప్పాడు.

క్విన్సీ పిల్లలు దుబాసీ సాయంతో అతని కథంతా విన్నారు. విని ఊరుకోలేదు. మీరు అమ్మే తివాచీలు ఎవరు నేసినవని తమ ఊరి దుకాణాలకు ఉత్తరాలు రాశారు. నాయకులకూ రాశారు.

అయిదు నెలలు తిరక్కుండానే పిడుగులాంటి వార్త. 1995 ఏప్రిల్ 16, ఈస్టర్ ఆదివారం. మురిద్కే దగ్గర ఇక్బాల్‌ను కాల్చి చంపేశారు. ఆ హత్య ఎవరి పని, ఎందుకు చేశారన్న వివాదం నేటికీ తెగలేదు.

సంతాప సభతో సరిపెట్టుకోవచ్చు. ఆ పిల్లలు అలా చేయలేదు. ఇక్బాల్ కోరుకున్నది చదువు కాబట్టి అతని పేరున పాకిస్తాన్‌లో బడి కట్టాలనుకున్నారు. డబ్బెలా? ఇక్బాల్‌ను పనికి పెట్టిన సొమ్ము వాళ్ల లెక్కలో 12 డాలర్లు. చనిపోయేనాటికి అతని వయసు 12. అందుకే తలా 12 డాలర్లు ఇవ్వమని అడిగారు. ఇంటర్నెట్ అప్పుడప్పుడే బడుల్లోకి వస్తోంది. ఈమెయిళ్లతో దేశంలోని మిగతా బడుల పిల్లల్ని కదిలించారు. లక్ష డాలర్లు దాటి పోగయ్యాయి. కసూర్‌లో బడి వెలిసింది.

ఈ గాథలో నన్ను కట్టిపడేసింది ఆ 12 అన్న అంకె. ఒక పసివాడిని పనికి కుదిర్చిన సొమ్మునే బడికి ఇటుకగా మార్చారు ఆ పిల్లలు. బాల కార్మికుల గురించి ర్యాలీలు తీస్తాం, వ్యాసరచన పోటీలు పెడతాం. అవన్నీ మంచివే. కానీ విన్నవాడు రేపు పొద్దున ఏం చేయాలో చెప్పినప్పుడే ఆ చైతన్యం నిలబడుతుంది. దుకాణానికి ఒక ఉత్తరం, బడికి 12 డాలర్లు. ఆ పిల్లలు ఎదుటివాళ్లకు చేయగలిగిన పనే చూపించారు.

మురిద్కే మనకు దూరమేమీ కాదు. కర్నూలు, మహబూబ్‌నగర్ పత్తి విత్తన చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఆడపిల్లల్నే పెట్టుకున్న కాలం మనదీ. అక్కడా తల్లిదండ్రులకు ముందే ఇచ్చిన అడ్వాన్సే సంకెల. చిన్న చేతులైతే పని బాగుంటుందన్న మాట అక్కడా వినిపించింది. 2016 సవరణ తర్వాత మన చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటోంది. ఇంటి పనుల్లో బడి వేళలు కాని సమయంలో అమ్మానాన్నలకు సాయపడటం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. హోటల్లో గ్లాసులు కడిగే పిల్లాడు కనిపిస్తే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం బడి పిల్లలకూ చేతనవుతుంది. ఆ నంబరు ప్రతి తరగతి గది గోడ మీదా ఉండాలి. దాన్ని ఎప్పుడు, ఎందుకు వాడాలో ప్రతి టీచరూ చెప్పాలి.